పక్కనుంచి వచ్చేవి

జూన్ 11

ఏమే చెల్లీ,

నా చేతిరాత చూసి ఎవరికేమైందోనని కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం. ఫోనుతో అయిపోయేదానికి ఉత్తరమెందుకంటావా? మా ఫోను హాల్లో ఉంటుంది, దాని పక్కనే మా అత్తగారి మంచం. ఆవిడకి మోకాళ్ళు పనిచేయవు గానీ చెవులు మాత్రం పాము చెవులు. నేను నీతో ఒక మాటంటే సాయంత్రానికల్లా అది క్వార్టర్స్‌లో అన్ని గుమ్మాలూ తిరిగొస్తుంది.

సంగతేమిటంటే వ్యాను కొన్నాం. పాతదే. మూడు వరసల సీట్లు, ఎడమవైపు తలుపు కాస్త మొండికేస్తుంది. కొండమీదికి వచ్చే బస్సు తీసేశాక వేరే దారి లేకపోయింది. మీ బావగారి కలప డిపో, పిల్లల బడి, అత్తగారి ఆసుపత్రి అన్నీ కింద. మేము మాత్రం పైన.

వానలు మొదలయ్యాయి. మా రోడ్డు సంగతి నీకు తెలుసు, ఒకవైపు కొండ, రెండోవైపు ఏమీ లేదు. నిండా మనుషులున్న బండిని తడి రోడ్డు మీద ఎలా నడపాలో, డ్రైవింగ్ స్కూల్లో నీ శిష్యులకి చెప్పినట్టు నాకు వివరంగా రాయి. ఎవరికి, ఎందుకు అని మాత్రం అడక్కు.

మా పెద్దది నిన్ను అడిగినట్టు రాయమంది. దాన్ని పిట్ట అని ఊరికే పిలవటం లేదు, దానికంటే ముందు దాని నోరు పుట్టింది. చిన్నోడికి జలుబు తగ్గింది.

ఉంటాను,
అక్క

జూన్ 20

అక్కా,

అడగొద్దన్నావు, అడగను. అడగక్కర్లేదు కూడా, నాకు అర్థమైపోయింది. సైకిలెక్కమంటే గోడ పట్టుకుని ఏడ్చిన మనిషివి ఏకంగా వ్యాను మీదే కన్నేశావన్నమాట. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మా స్కూలు యజమానికి కూడా చెప్పేశాను. ఆయన్ని మేం హారన్ మామ అంటాం, నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని బండి హారన్ కంటే ఎక్కువ మోగుతాడు. ‘మన బళ్ళలో నీ కాలి కింద కూడా ఒక బ్రేకుంటుంది, ఉత్తరంలో అది ఉండదు, జాగ్రత్తగా రాయి’ అన్నాడు. అందుకని జాగ్రత్తగానే రాస్తున్నాను.

మొదటి వాన చాలా చెడ్డది. రోడ్డు మీది దుమ్మూ నూనే తడిసి పైకి తేలతాయి, అప్పుడు జారినంతగా తర్వాత ముసురులో కూడా జారదు. ముందు బండికి మామూలుగా వదిలే ఎడానికి రెట్టింపు వదులు. నీ వ్యాను కారు కాదని మరిచిపోకు. అది ఎత్తుగా ఉంటుంది, మనుషులెక్కితే బరువు, ఆగమంటే వెంటనే ఆగదు. మలుపులోకి వెళ్ళాక బ్రేకు తొక్కడం కాదు, మలుపుకి ముందే వేగం తగ్గించుకుని మెల్లగా తిరుగు. సామాను పైకెక్కించకు, కింద పెట్టించు. రోడ్డు మీద నీళ్ళు నిలిచి లోతు తెలియకపోతే దిగకు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. తప్పక దిగితే, దాటాక బ్రేకుని రెండుమూడుసార్లు మెల్లగా తాకి ఆరనివ్వు.

బావకి తెలియకుండా నేర్చుకుంటున్నావా, తెలిసేనా? ఇది అడగడం కాదు, ఊరికే కుతూహలం.

నీ చెల్లి

జూలై 8

చెల్లీ,

మీ బావగారికి తెలుసులే. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. బ్రేకు ఆరబెట్టడం ఇన్నాళ్ళూ తెలియదన్నారు. నిన్న డిపో ముందు నీళ్ళు దాటాక అలాగే చేస్తే బాగా పనిచేసింది.

ఇంకో రెండు సంగతులు కావాలి. ఒకటి, దిగుడులో బ్రేకు కాలిన వాసన వస్తోంది. రెండోది, పక్కనుంచి వచ్చేవి తెలియడం లేదు. ఎదురుగా వచ్చేవి బాగానే కనిపిస్తాయి. సైకిలో, మేకో పక్కసందులోంచి వస్తే మీదికి వచ్చేదాకా తెలియడం లేదు. దానికి ఏదైనా ఉపాయముందా?

ఇల్లు మామూలే. మీ బావగారు ఈమధ్య ప్రతి గుమ్మానికీ భుజం కొట్టుకుంటున్నారు. నిన్న పక్కనే ఉన్న మంచినీళ్ళ గ్లాసుని తోసేసి, అక్కడ పెట్టిందెవరని నామీద కేకలేశారు. వయసు మీద పడుతోంది కాబోలు. అత్తగారు మధ్య వరసలో తలుపు పక్కన తప్ప కూర్చోనంటారు. ఎక్కిన దగ్గర్నుంచీ దిగేదాకా ఎవరి ఇంట్లో ఏం జరిగిందో చెబుతూనే ఉంటారు. వ్యానులో ఆవిడ నోరాపగల మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఇంకో మాట రాద్దామని కూర్చున్నాను. వద్దులే.

అక్క

జూలై 17

అక్కా,

బావ గుమ్మాలకి కొట్టుకోవడం వయసు కాదు, పరధ్యానం. పెళ్ళాం డ్రైవింగ్ నేర్చుకుంటుంటే ఏ మగాడైనా కాస్త తడబడతాడు. నవ్వకు.

దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టి ఉంచేస్తున్నావు, అందుకే కాలుతోంది. ఎక్కేటప్పుడు ఏ గేరుతో ఎక్కావో దిగేటప్పుడు కూడా అదే గేరు. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. నిదానమే ప్రధానం అన్నమాట ఘాట్ రోడ్డు మీద పుట్టి ఉంటుంది.

పక్కల సంగతి కొత్తగా నేర్చుకునే అందరికీ ఉండేదే. భయంతో చూపు ముందుకి అతుక్కుపోతుంది. పైగా వ్యానుకి అద్దాల్లో కనపడని మూలలు ఎక్కువ. అద్దాలు బయటికి తిప్పుకో, తిరిగే ముందు మెడ తిప్పి చూడు. అన్నిటికంటే మంచి మందు ఒకటుంది, నా శిష్యులందరిచేతా చేయిస్తాను. దాన్ని మేం వల్లించడం అంటాం. నడుపుతున్నంతసేపూ కనిపించింది కనిపించినట్టు పైకి చెప్పడమే. ‘ఎడమ సైకిలు, కుడి లారీ, ఎడమ సందులో ఇద్దరు పిల్లలు’ అని. నోరు చెప్పాలంటే కన్ను వెతకాలి కదా. ఒక బ్యాంకు మేనేజరు మొదట్లో సిగ్గుపడి పెదవులు కదపలేదు, ఇప్పుడు ఒంటరిగా వెళ్తున్నా వల్లిస్తాడట. నువ్వూ చెయ్యి. ఫలితం రాయి.

ఏదో రాద్దామని ఆగిపోయావు. నా దగ్గర నీకు మొహమాటమేమిటి?

చెల్లి

ఆగస్టు 25

చెల్లీ,

నీ నోట్లో చక్కెర పోయాలి. నువ్వు చెప్పిన వల్లించడం మా ఇంటిని నిలబెట్టింది.

ఇప్పుడు పిట్ట ముందు సీట్లో కూర్చుని వల్లిస్తోంది. బండి కదిలిన దగ్గర్నుంచి బడి గేటు దాకా ఆగదు. ‘ఎడమ ముసలాయన, ఆగాడు. కుడి నుంచి బస్సు, మనమే ఆగాలి. ఎడమ ఖాళీ.’ మేకలుంటే ఎన్నో కూడా చెబుతుంది. అత్తగారికి పోటీ వచ్చినట్టయి మొదట్లో మూతి ముడిచారు, ఇప్పుడు మనవరాలి గొంతు వింటూ కునుకు తీస్తున్నారు. ఇద్దరూ ఒకే గదిలో పడుకుంటారు కదా, పొద్దున లేస్తూనే ‘ఈ పూట గొంతు సరిగా ఉందా’ అని దాన్ని అడిగి మరీ వేడినీళ్ళు తాగిస్తారు.

ఈ నెలంతా బండికి ఒక్క గీత పడలేదు. మీ బావగారి ముఖంలో మళ్ళీ నవ్వు చూశాను. డిపోలో కొత్త అధికారి అన్నిటికీ ఆరాలు తీసే రకం, ఉద్యోగం పోతే క్వార్టర్సూ పోతాయి, ఆ దిగులుతో ఈయన మనిషి సగమైపోయారు. అందుకే నాకింత సంతోషం.

అక్క

సెప్టెంబరు 3

అక్కా,

నీ సంతోషం మీద నీళ్ళు చల్లుతున్నందుకు తిట్టుకోకు. వల్లించాల్సింది నడిపేవాళ్ళే. పక్కవాళ్ళు చెబుతుంటే నడిపేవాళ్ళ కన్ను బద్ధకిస్తుంది. ఏదో ఒకరోజు ఆ పక్కవాళ్ళు తుమ్మినా చాలు, కొంప మునుగుతుంది. నువ్వు చేస్తున్నది అరువు కళ్ళతో నడపడం.

అంతకంటే ముఖ్యం, తొమ్మిదేళ్ళ పిల్లని ముందు సీట్లో కూర్చోబెట్టడమేమిటి? వెనక వరసలో బెల్టు పెట్టి కూర్చోబెట్టు. ఆడుకునే వయసులో దాని నెత్తిన ఇంత బరువు పెడితే ఎలా అక్కా? రేపు ఏదైనా తేడా వస్తే ఆ పిల్ల తనవల్లే అనుకుంటుంది. నీకు తోచకపోతే బావ అయినా చెప్పాలి కదా, ఆయనేం చేస్తున్నారు?

చెల్లి

సెప్టెంబరు 15

నా పిల్లని ఎక్కడ కూర్చోబెట్టాలో నాకు తెలుసు. కన్నదాన్ని నేను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? పిల్లల్ని పెంచి చూసి అప్పుడు రాయి ఇలాంటి ఉత్తరాలు.

మీ బావగారిని ఇందులోకి లాగొద్దు.

అక్క

నవంబరు 4

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు స్కూలుకి వెళ్ళలేదు. నాకు పిల్లలు లేరన్నది నిజమే గానీ నువ్వు దాన్ని రాయిగా చేసి విసురుతావనుకోలేదు. ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడానికి కారణం అదే. ఇంక చాలు. మనకున్నది మనమిద్దరమే. ముందు సీటు గురించి మళ్ళీ ఎత్తను, నీ ఇష్టం.

పొగమంచు రోజులు వస్తున్నాయి కాబట్టి నువ్వు అడక్కపోయినా రాస్తున్నాను. ఈ ఉత్తరం ఇంట్లో అందరికీ పైకి చదివి వినిపించు, అత్తగారికి కూడా. మంచులో బండిలో ఉన్నవాళ్ళందరికీ పనుంటుంది.

వీలైతే బయల్దేరకు. తప్పకపోతే, లైట్లు కిందికి దించి వేసుకో, పైకి వేస్తే మంచు మీదపడి తిరిగి నీ కళ్ళలోకే కొడుతుంది. నీకు ఎంత దూరం కనిపిస్తోందో అంతలోపల ఆగగలిగే వేగంతోనే నడుపు. ముందు బండి వెనక లైటు పట్టుకుని పోకు, అది గోతిలోకి పోతే నువ్వూ పోతావు. రోడ్డు అంచు గీత పట్టుకో. రోడ్లు కలిసేచోట కన్ను పనిచేయదు, చెవే పనిచేయాలి. అద్దం దించు, రేడియో ఆపు, ఒక్కరు కూడా మాట్లాడకూడదు. పిట్టకి ప్రత్యేకంగా చెప్పు. మిగతా రోజుల్లో నీ ఇష్టం వచ్చినంత వల్లించు తల్లీ, మంచులో మాత్రం నోటికి తాళం. అత్తగారికి నా నమస్కారం చెప్పి, ఆవిడని కూడా ఆ ఒక్కరోజుకీ బతిమాలుకున్నానని చెప్పు.

కోపం పోయిందని ఒక్క ముక్క రాయి.

చెల్లి

డిసెంబరు 19

చెల్లీ,

ఆ రోజు ఫోనులో అత్తగారు పోయారని మాత్రమే చెప్పాను. నువ్వు పరుగెత్తుకొచ్చావు, ఉన్నన్నాళ్ళూ ఇంటిపనంతా నెత్తినేసుకున్నావు. వెళ్తూ గుమ్మంలో నా చెయ్యి పట్టుకుని ‘ఆ రోజు బావకి బదులు నువ్వే నడిపి ఉంటే బాగుండేదేమో అక్కా’ అన్నావు. అప్పుడే చెప్పాల్సింది. కాగితం మీదయితే నువ్వు నా ముఖం చూడవు.

నేను ఏ రోజూ ఆ స్టీరింగు పట్టలేదు. నీ ఉత్తరాలన్నీ మీ బావగారి కోసమే అడిగాను. ఆయన కళ్ళు పోతున్నాయి. నీటికాసులు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కల ఏమీ కనిపించదు. పోయిన చూపు తిరిగి రాదని కంటి డాక్టరు వ్యాను కొనకముందే చెప్పాడు. డిపోలో దుంగలు కొలిచి నంబర్లు వేసే మనిషికి చూపు లేదని తెలిస్తే ఒక్కరోజు ఉంచరు. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు ఆయన. నేనూ సరేనన్నాను. నువ్వు నేనే నేర్చుకుంటున్నానని సంబరపడితే, పోనీ అలాగే అనుకోనీ అనుకున్నాను. అలా అనుకుంటే నువ్వు అన్నీ రాస్తావు, ఏదీ అడగవు.

పిట్టకి తెలుసు. మేము చెప్పలేదు. ఒకరోజు ఆయన భోజనం చేస్తుంటే పక్కన చెయ్యి ఊపి చూసిందట. అప్పట్నుంచి ముందు సీట్లో తనే ఎక్కి కూర్చుంది. దాని నోట్లో నువ్వుగింజ నానదని నవ్వుకునేదాన్ని, ఈ ఒక్క సంగతి మాత్రం అది ఎవరితోనూ అనలేదు, ఒకే గదిలో పడుకునే నానమ్మతో కూడా.

నీ ఉత్తరం రాగానే కోపమంతా పోయింది. మంచు గురించి రాసింది అందరినీ కూర్చోబెట్టి చదివాను. అత్తగారికి నువ్వు నమస్కారం పెట్టి అడిగినందుకు ఎంత గర్వమో. ‘టీచరమ్మ చెప్పాక తప్పుతుందా’ అన్నారు. మంచులో కళ్ళున్నవాళ్ళకీ ఏమీ కనిపించదు కదా, చెవులే దిక్కంటే నిజమే కాబోలు అనుకున్నాం. మాకు మంచు రోజుల్లోనే నిశ్చింతగా ఉంటుందనిపించింది. అంత తెలివి మాది.

ఆ రోజు చిన్నోడికి జ్వరమని నేను ఆగిపోయాను. అత్తగారి మోకాళ్ళు డాక్టరుకి చూపించే రోజది. ఆయన, పిట్ట, అత్తగారు వెళ్ళారు. కింద ఆసుపత్రి రోడ్డు కలిసేచోట ఆయన నువ్వు చెప్పినట్టే బండి ఆపారు, అద్దం దించారు, విన్నారు. మూలమీద పిండిమర ఆడుతోంది. దాని మోత తప్ప ఇంకేం వినపడలేదట. ముందుకి కదిలించారు. ఎడమనుంచి లారీ వచ్చి మధ్య తలుపుకి కొట్టింది. అత్తగారు అక్కడే కూర్చుని ఉన్నారు. బయల్దేరిన దగ్గర్నుంచీ ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదని ఆయన చెప్పి ఏడ్చారు.

అందరూ మంచు అన్నారు. పోలీసులూ మంచనే రాసుకున్నారు. లారీ డ్రైవరు ఆసుపత్రి మెట్ల మీద తల పట్టుకుని కూర్చుంటే నేను చూసి కూడా పక్కనుంచి వెళ్ళిపోయాను.

మొన్న పిట్ట నాతో అంది. నువ్వు ఇక్కడున్నప్పుడు అది నీ దగ్గరికి రాలేదని నొచ్చుకున్నావు కదా, ఎందుకో విను. దాని మాటల్లోనే రాస్తున్నాను.

‘అమ్మా, నాకు లారీ లైటు కనిపించింది. మసగ్గా, ఎడమవైపు. పిన్ని మాట్లాడొద్దంది కదా. అందుకని నాన్న చెయ్యి గట్టిగా నొక్కాను. నాన్న నేను భయపడ్డాననుకుని నా చెయ్యి నిమిరి, బండి ముందుకి పోనిచ్చారు.’

అప్పట్నుంచి అది నానమ్మ మంచం మీదే పడుకుంటోంది. ఆయన చేతికి కట్టు ఇంకా విప్పలేదు. నువ్వు వెళ్ళాక ఆసుపత్రిలో కళ్ళ సంగతి బయటపడింది, డిపోవాళ్ళు క్వార్టర్స్ ఖాళీ చేయమన్నారు. ఇవన్నీ నాకు ఇప్పుడు పెద్దగా అనిపించడం లేదు. పిట్ట మాట్లాడటం మానేసింది. అడిగినదానికి ఊ అంటుంది, అంతే. దానికి నువ్వొక ముక్క రాయి చెల్లీ. నా మాట దానికి పట్టడం లేదు. అది విన్నది నీ మాట.

అక్క

డిసెంబరు 28

అక్కా,

నీ ఉత్తరం చదివి నీమీద కోపం రావాలి. వచ్చింది కూడా, దాచుకోను. నిన్ను చూసి అరవాలనిపించింది. ఒక్క ముక్క, ఒక్క ముక్క రాసి ఉంటే నేను ఆ రోజే బయల్దేరి వచ్చి ఆ తాళాలు లాక్కునేదాన్ని. అరువు కళ్ళని నేనే రాశాను చూడు, రాసి కూడా నాకు తట్టలేదు. గుమ్మాలకి కొట్టుకుంటున్నారని నువ్వు రాస్తే నేను హాస్యమాడాను. పక్కనుంచి వచ్చేవి తెలియడం లేదంటే అద్దాలు తిప్పుకోమన్నాను. ఎదుట కూర్చున్న శిష్యుడయితే కనిపెట్టి ఉండేదాన్ని.

రెండురోజులు స్కూల్లో ఎవరిచేతా వల్లింపజేయలేకపోయాను. హారన్ మామ కూడా ఏమిటని అడగలేదు.

పిట్టకి వేరే కాగితం పెడుతున్నాను. అందులో ఉన్నది ఇంతే. ‘తల్లీ, నువ్వు పెద్దవాళ్ళ మాట విన్నావు. ఆ మాట ఆ రోజుకి తప్పు. తప్పు మాట చెప్పింది పిన్ని. నోటికి తాళం వేసినా నువ్వు చేత్తో చెప్పావు, నువ్వు చేయాల్సినదానికంటే ఎక్కువే చేశావు. నానమ్మ పోవడంలో నీది ఏమీ లేదు. నామీద కోపముంటే ఉండనీ, అది నాతోనే చెప్పు.’ నువ్వు చదివి బాగుందనిపిస్తేనే ఇవ్వు.

ఇల్లు ఖాళీ చేసి అందరూ నా దగ్గరికి వచ్చేయండి. నా రెండు గదులు మనకి చాలు. బావకి చెప్పు, నాకు ఆయనమీద ఏమీ లేదని. అది ఇంకా పూర్తిగా నిజం కాదు, అయినా చెప్పు.

చెల్లి

జనవరి 9

చెల్లీ,

సామాను కడుతున్నాం. వచ్చే వారం బయల్దేరతాం, కిందిదాకా జీపు మాట్లాడుకుని అక్కణ్ణుంచి బస్సులో. వ్యానుని పాత ఇనుము కొనేవాళ్ళు తీసుకుపోయారు. నువ్వు చెప్పమన్నది మీ బావగారికి చెప్పాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

పిట్టకి నీ కాగితమిచ్చాను. కిటికీ దగ్గర నిలబడి చదువుకుంది. మడతపెట్టి జేబులో పెట్టుకుంది. నేను పెట్టె ముందు కూర్చుని బట్టలు సర్దుతున్నాను. చాలా రోజుల తర్వాత అదంతట అదే నా దగ్గరికి వచ్చి కూర్చుంటే ప్రాణం లేచొచ్చింది. ‘తప్పు పిన్నిది కాదమ్మా, పిన్నికి తెలియదు కదా’ అంది. అవునన్నాను. నీదీ కాదన్నాను.

నాకో చొక్కా అందిస్తూ అడిగింది.

‘నాన్నకి పక్కలు కనిపించవని పిన్నికి నువ్వెందుకు చెప్పలేదమ్మా? చెప్పి ఉంటే పిన్ని నన్ను మాట్లాడమనేది కదా.’

కోపంగా అడగలేదు చెల్లీ. కోపంగా అడిగినా బాగుండేది. తెలియక అడిగింది. నేను చేతిలో ఉన్న చొక్కా మడతపెట్టాను, విప్పి మళ్ళీ మడతపెట్టాను. అది జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి, మంచినీళ్ళ గ్లాసు ఆయన చేతికి అందించింది.

అక్క